రేడియో కావడి

రేడియో సెట్టును కావడిలో పెట్టుకుని మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు నడిచినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ కావడిని చూసి ఒక ముసలమ్మ నన్ను నమ్మింది. పటాలానికి పోయిన తన కొడుకు ఇల్లు చేరాలని దేవుడికి కట్టిన ముడుపు నా చేతికిచ్చింది. చేర్చాల్సినప్పుడు నేను దాన్ని చేర్చలేదు. ఆ కొడుకు చివరికి రాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్ళకు ఆశపెట్టి ఆఖర్న లాక్కోవడం నాకు నచ్చదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మాట ఇది. సెట్టు సంగతి తెలియకపోతే నేను చేసిన పని అర్థం కాదు, అందుకని అక్కడ మొదలుపెడతాను.

అప్పుడు నేను మేడ్చల్‌లో మిషన్ బడి పంతుల్ని. రైలు కట్ట పక్కనే అద్దె గది. మా ఇల్లు శామీర్‌పేటలో, చర్చికి రెండిళ్ళ అవతల. నా భార్య అక్కడి చిన్న దవాఖానలో నర్సు, అందువల్ల ఆమె అక్కడే ఉండేది. శనివారం బడి ఒక పూటే. అన్నం తిని బయల్దేరితే పొద్దు వాలే వేళకు ఇల్లు చేరేవాణ్ణి. ఆదివారం రాత్రికి మళ్ళీ మేడ్చల్, సోమవారం బడి.

రేడియో పిచ్చి నాకు ఎలా పట్టిందో అడిగితే చెప్పలేను. పటాలం వాళ్ళు అమ్మేసిన తుక్కు సామాను మచ్చ బొల్లారంలో ఒక మెకానిక్ దగ్గర దొరికేది. అక్కడ రెండు వాల్వులు, ఒక హెడ్‌ఫోను, పిడికెడు రాగి తీగ సంపాదించి, టేకు చెక్క పెట్టెలో సెట్టు కట్టుకున్నాను. దానితో పాటలు వినేవాణ్ణి కాదు. లోకంలో నాలాంటివాళ్ళు కొందరు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, తంతి ఆఫీసు భాషలో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. వాళ్ళ మాట పట్టుకుని, ‘మీరు నాకు ఫలానా రోజు ఇలా వినబడ్డారు’ అని కార్డు రాస్తే, వాళ్ళు సంతోషపడి తిరిగి కార్డు రాస్తారు. మనం కూడా మాట పంపాలంటే సర్కారు అనుమతి కావాలి. అర్జీ పెట్టుకున్నాను. అంతదాకా వినడమే నా పని.

ఆ సెట్టుకు నాకంటే కోపం ఎక్కువ. చెయ్యి దగ్గరికి తెస్తే స్వరం మారేది, పెట్టిన బల్ల కదిలితే మారేది. గోడకు రెండు మేకులు కొట్టి, పలక వేసి, దాని మీద పెట్టాను. ఎవరో దూరదేశం వాడు సన్నగా పలుకుతుంటాడు, నేను ఊపిరి బిగపట్టి రాసుకుంటుంటాను, ఇంతలో రైలు వచ్చేది. గోడ వణికేది, పలక వణికేది, ఆ దూరదేశం వాడు మాయమైపోయేవాడు. పలక కింద గోనెగుడ్డ పరిచాను, ఊక నింపిన దిండు పెట్టాను. మాసిపోయిన నా బట్టలన్నీ దాని కింద కుక్కాను. ఏమీ లాభం లేకపోయింది.

శామీర్‌పేటలో మా ఇంట్లో రైలు బాధ లేదు కానీ, నా భార్య రోకలి బాధ ఉంది. ఒక ఆదివారం ఆమె మిరపకాయలు దంచుతుంటే సెట్టు రోకటి పోటుకొకసారి ‘ఠంగు’ మంటోంది. విసుక్కుంటూ పైకి చూశాను. దూలానికి ఉట్టి, ఉట్టిలో పెరుగు కుండ. ఇల్లంతా అదురుతోంది కానీ ఆ కుండలో పెరుగు మీగడ తొణకడం లేదు.

కుండ దించాను, సెట్టు ఎక్కించాను. రోకటి పోటు వినబడితే ఒట్టు. కాకపోతే ఇంకో తంటా వచ్చింది. తాడు పురి విప్పుకుని ఉట్టి మెల్లగా తిరగసాగింది. సెట్టు ముందున్న మరలు అటు తిరిగితే నేనూ హెడ్‌ఫోను తగిలించుకుని అటే తిరిగేవాణ్ణి. మొదటి రోజు అలా ఎన్ని ప్రదక్షిణలు చేశానో. చివరికి ఉట్టి అడుగున తాడు కట్టి, విసుర్రాయి పై రాతికి బిగించాను. అప్పుడు కదలకుండా నిలబడింది.

మా ఆవిడ కందులు విసరడానికి వచ్చి చూసింది.

“రాయి కట్టేసినవు. మరి పెరుగు ఏడున్నది?”

“మూలకు పెట్టిన.”

“మూలకు పిల్లి ఉన్నది. గా డబ్బకేమో ఉట్టి, మన తిండికేమో నేల. మంచిగున్నది నీ కథ.”

పిల్లి అప్పటికే తాగేసింది. ఆ తరువాత రెండు ఆదివారాలు మజ్జిగ లేకుండా అన్నం తినడం నాకు పడిన శిక్ష.

ఇంట్లో సంగతి ఇలా తేలింది. ఇక ప్రయాణం. సెట్టుకు తడి బ్యాటరీ ఒకటి కావాలి, అందులో తేజాబు, అంటే ఆసిడ్, ఉంటుంది. శామీర్‌పేటలో దానికి చార్జీ ఎక్కించే దిక్కు లేదు. అత్వెల్లిలో ఒక బియ్యం మర ఇంజనుకు డైనమో ఉండేది, మర ఆయన మంచివాడు, వారం మధ్యలో ఎక్కించి ఇచ్చేవాడు. అంటే వారం వారం బ్యాటరీ, దానితో సెట్టు, అటూ ఇటూ మోయాలి. మొదట సైకిలు వెనక కట్టాను. బండిబాట గతుకులకు బ్యాటరీ ఒరిగి తేజాబు నా ధోవతి మీద చిమ్మింది. అప్పుడేమీ కనిపించలేదు. మరునాడు ఆదివారం అదే ధోవతితో ప్రార్థనలో మోకరిస్తే వెనక వరుసల్లో నవ్వులు. ధోవతి జల్లెడ అయిపోయింది.

ఆ నవ్వులకు నాకు ఒళ్ళు మండింది కానీ, మంటలోనే ఆలోచన కూడా వచ్చింది. ఉట్టిలో పెడితే ఒరగదు కదా. మరి నడిచే ఉట్టి ఏది? కావడి. మా బడికి నీళ్ళు మోసే ఆయన దగ్గర పాత కావడి బద్ద ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ముందువైపు చిక్కంలో సెట్టు, వెనకవైపు చిక్కంలో బ్యాటరీ. బరువు సరిపోకపోతే సెట్టు వైపు జొన్నపిండి సంచి. ఎండకు సెట్టులో తీగచుట్టల మైనం కరగకుండా మా ఆవిడ పాత పసుపుపచ్చ చీర తడిపి రెండింటికీ చుట్టాను.

నీళ్ళాయన నా నడక చూసి తల కొట్టుకున్నాడు.

“సారూ, నువ్వు గుర్రం లెక్క నడుస్తున్నవు. మోకాళ్ళు జర వంచి పొట్టి పొట్టి అడుగులెయ్యి. లెక్క తప్పకు.”

చెప్పులతో నడిస్తే అడుగు అడుగుకూ అదురు పైకి వస్తోంది. చెప్పులు విప్పి సంచిలో పెట్టాను. లెక్క తప్పకుండా ఉండటానికి తంతి అక్షరాలనే ‘డా డిట్ డా’ అని పెదాలతో పలుక్కుంటూ నడిచేవాణ్ణి, అదొక సాధన కూడా. దించితే మళ్ళీ ఎత్తేటప్పుడు బ్యాటరీ కుదుపుకు గురవుతుంది కాబట్టి ఎక్కడా దించేవాణ్ణి కాదు. బండిబాట వదిలి పొలాల గట్ల వెంట మెత్తటి కాలిబాట పట్టాను.

ఇప్పుడు నన్ను ఒకసారి ఊహించుకోండి. చెప్పుల్లేని కాళ్ళు, భుజాన పసుపుపచ్చ గుడ్డ చుట్టిన కావడి. పెదాల మీద ఏదో జపం. ఎండలో కూడా కావడి దించని పట్టుదల. ఆ పైన ఆ వారం అవతలి ఊళ్ళో స్వామి కల్యాణం. చుట్టుపక్కల నుంచి మొక్కుబడి ఉన్నవాళ్ళు కావళ్ళు మోసుకుంటూ ఆ దారినే పోతున్నారు. నా తల నిండా వాల్వులూ తీగలూ తప్ప కల్యాణం లేదు.

దారిలో ఉన్న ఊరి పేరు రాయను, గుడి ఉన్న ఊరి పేరూ రాయను. ఆ మనుషుల మనవలు ఇప్పటికీ నన్ను పలకరిస్తారు. ఊరి మొదట్లోనే నలుగురు ఎదురొచ్చారు.

“సామీ, కావడి కింద పెట్టకుండ్రి. జర ఆగుండ్రి. అరే, పంగలు తేండి.”

ఇద్దరు మనుషులు రెండు పంగ కర్రలు తెచ్చి నేలలో దిగేసి, నా భుజం మీది బద్దను ఎత్తి వాటి పంగల్లో ఆనించారు. చిక్కాలు రెండూ నేలకు జానెడు ఎత్తులో వేలాడుతూ నిలిచాయి. సెట్టు కదల్లేదు, తిరగలేదు. మూడు నెలలుగా నేను పలకలూ దిండ్లూ విసుర్రాళ్ళూ పెట్టి వెతుకుతున్నది అదే. దించక్కర్లేదు, విప్పక్కర్లేదు, రెండు కర్రలుంటే చాలు, ఎక్కడ పాతితే అక్కడ కూర్చుని వినొచ్చు. నాకు ఆ కర్రల మీద నుంచి చూపు తిరగలేదు. ఆ సంతోషంలో ఉండగా ఆడవాళ్ళు బిందెలతో వచ్చి నా కాళ్ళ మీద నీళ్ళు పోశారు.

“ఏ ఊరు సామీ?”

“మేడ్చల్.”

“జపంల ఉన్నరేమో. ఇంక అడగకుండ్రి,” అన్నాడొకాయన.

నేను అబద్ధం ఆడలేదు. అడిగినదానికి జవాబు చెప్పాను. అడగనిది చెప్పలేదు. అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఊరు దాటాక, పొలాలకు ముందు, ఇంకో వాడ ఉంటుంది. ఊళ్ళో కలవని వాడ. అక్కడ బాట పక్కన ఎడంగా ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నన్ను చూసి ఇంకో రెండడుగులు వెనక్కి జరిగింది.

“సామీ, జర ఆగు. నిన్ను ముట్ట. గా బద్ద కొన జర కిందికి వంచు.”

వంచాను. ఆమె నన్ను తాకకుండా, గుడ్డ తాకకుండా, బద్ద చివర పసుపు ముడుపు కట్టింది.

“నా కొడుకు పటాలంల చేరిండు. జంగు ఒడిసిందన్నరు. పక్క ఊరోళ్ళు ఇద్దరు వచ్చిన్రు. మావాడు రాలె. ఉత్తరం లేదు, మతలబు లేదు. మేం గుడి కాడికి పోము గద. నువ్వు పోతవు. సామి ముంగట పెట్టి వాని పేరు జెప్పు.”

కొడుకు పేరు చెప్పింది. రెండుసార్లు చెప్పింది, నేను మరిచిపోతానని.

ఆమె నిలబడ్డ చోటూ, నేను పుట్టిన చోటూ ఒకటే. ఏ ఊళ్ళోనైనా మావాళ్ళ ఇళ్ళు అక్కడే ఉంటాయి. మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు, ఆమె వాళ్ళు తీసుకోలేదు. తేడా అంతే. ఆ గుడి గడప నాకూ దూరమే. ఆ మాట అక్కడే చెప్పేస్తే అయిపోయేది, ఆమె నా వెనక వచ్చే ఇంకో కావడికి కట్టుకునేది. నేను “సరే అవ్వా” అన్నాను. కాళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి.

ఇంటికి చేరాక ముడుపు విప్పి సెట్టు పెట్టెలో, వాల్వుల వెనక పెట్టాను. మరుసటి శనివారం గుడికి పోయేవాళ్ళెవరికైనా ఇద్దామనుకున్నాను. సోమవారం పొద్దున రెండు పంగ కర్రలు కొట్టించుకుని మేడ్చల్ గదిలో పాతాను, కావడి వాటి మీద ఆనించాను. రైలు వచ్చింది, పోయింది. దూరదేశం వాడు పలుకుతూనే ఉన్నాడు. ఆ వారం నేను పదకొండు కార్డులు రాశాను. ముడుపు నాకు గుర్తే రాలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మళ్ళీ శనివారం ఆమె అక్కడే ఉంది.

“ఇచ్చినవా సామీ?”

“ఇచ్చిన.”

నోటికి అదే వచ్చింది. ముడుపు ఆమెకు మూరెడు దూరంలో, పసుపు గుడ్డ వెనక, చెక్క పెట్టెలో ఉంది. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

“గా దినం సంది మంచిగ నిద్ర పడుతున్నది. అంతకు ముందు కన్ను మూస్తే వాడే కనబడుతుండె.”

నేను తల ఊపి నడిచాను. తంతి అక్షరాలు ఒక్కటీ నోట్లోకి రాలేదు. లెక్క తప్పి కావడి ఒకటే ఊగింది.

ఆ మరుసటి వారం ఆమె కంటపడకుండా బండిబాట పట్టాను. రాళ్ళు, గుంతలు. కావడి ఎంత మంచిదైనా మోసేవాడి కాలు మడతపడితే అది మాత్రం ఏం చేస్తుంది. నేను ముందుకు తూలాను, సెట్టు పోయి నా మోకాలికి కొట్టుకుంది. ఇంటికి వెళ్ళి చూస్తే ఒక వాల్వులో తీగ తెగిపోయింది. అలాంటిది మళ్ళీ దొరకాలంటే ఎన్నాళ్ళు పడుతుందో. తల పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ పెట్టెలోకి తొంగిచూసి ముడుపు బయటికి తీసింది.

“ఇదేంది?”

చెప్పాను, దాచకుండా. ఆమె దవాఖానలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్ని ఎందరినో చూసిన మనిషి.

“మిషన్ అయ్యగారు చూస్తే నీ నౌకరి పోతదని దాచినవేమో అనుకున్న. అదైనా మంచిగుండు. నువ్వు మరిచిపోయినవు.”

“రేపు తీసి ఎవరికన్న ఇస్త.”

“ఎవరికిస్తవో నాకెందుకు. ముందు ఆమెకు జెప్పు. ముడుపు మన పెట్టెల దాచుకుంటె ఆమె కొడుకు మన ఇంటికొస్తడా?”

సోమవారానికి బడికి సెలవు పెట్టాను. పొద్దున్నే పాడైన సెట్టునే కావడిలో పెట్టుకుని, పంగ కర్రలు కూడా కట్టుకుని వెళ్ళాను. బాగుచేయించడానికి ఎలాగూ మెకానిక్ దగ్గరికి పోవాలి. ఆమె గుడిసె ముందు కర్రలు పాతి కావడి ఆనించి, పసుపుపచ్చ చీర విప్పేశాను. ఆమె చెక్క పెట్టెను చూసింది, వాల్వులను చూసింది. నేను ముడుపు తీసి ముందు పెట్టాను. దేవుడి కావడి కాదని, బడి పంతుల్నని, ఇచ్చానన్నది అబద్ధమని, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పాను.

“ఏ వాడ నీది?”

“మీ అసొంటి వాడనే అవ్వా. మా తాత కిరస్తానంల కలిసిండు.”

“మరి గప్పుడే జెప్తె ఏంబాయె? వెనక ఇంకో కావడి రాకుండెనా?”

దానికి నా దగ్గర జవాబు ఉంది. చెప్పాలంటే సిగ్గేసింది. అయినా చెప్పాను.

“ఊర్ల అందరు నా కాళ్ళ మీద నీళ్ళు పోసిన్రు అవ్వా. పుట్టి బుద్ధెరిగినంక గట్ల ఎవ్వరు పొయ్యలె. గది మంచిగనిపించింది.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను. ముడుపును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“పదిహేను దినాల సంది నిద్ర పోయిన,” అంది. “సామి కాడున్నది, సామి చూసుకుంటడు అని పోయిన. గిప్పుడొచ్చి నీ గుండె బరువు దించుకుంటివి. ఇగ నేనెట్ల పండాలె?”

నేను నిజం చెప్పి తేలికపడదామని వెళ్ళాను. ఆ మాట ఆమె అనేదాకా నాకు తట్టలేదు. నా మీద నాకు అంత కోపం ముందెప్పుడూ రాలేదు. ముడుపు ఇయ్యమని చెయ్యి చాచాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. కొంగులో కట్టుకుంది, మళ్ళీ విప్పింది. ఇక ఎవరికి ఇవ్వగలదు, కల్యాణం అయిపోయి కావళ్ళు రావడం ఆగిపోయింది. చివరికి నా అరచేతిలో పెట్టింది.

కావడి ఆమె వాకిట్లోనే వదిలి, సెట్టు సంగతి మరిచి, గుడి ఉన్న ఊరి దాకా పోయాను. దారి మొగలో నిలబడితే చాలాసేపటికి ఒక ఎడ్లబండి వచ్చింది. పెద్దాయన, కోడలు, ఆమె ఒళ్ళో పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పసిబిడ్డ. బండికి అడ్డంగా నిలబడి, నేను లోపలికి పోయేవాణ్ణి కానని ముందే చెప్పి, ముడుపు ఇచ్చాను. ముసలమ్మ కొడుకు పేరు చెప్పాను. మరిచిపోతారేమోనని రెండుసార్లు చెప్పాను. పెద్దాయన ఏ వాడదని అడగలేదు. కళ్ళకద్దుకుని రొంటిన దోపుకున్నాడు. బండి వెనకే నడిచి, వాళ్ళు దిగి గుడిలోకి పోయేదాకా దూరం నుంచి చూశాను. ఆయన లోపలికి పోతూ రొంటి తడుముకోవడం కూడా చూశాను.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమె కావడి పక్కనే నీడకు కూర్చుని ఉంది. కోళ్ళు పెట్టె ఎక్కకుండా నా పసుపుపచ్చ చీర మళ్ళీ కప్పింది. నేను పరుగులాంటి నడకతో వచ్చాను కాబట్టి ముందు ఊపిరి తీసుకుని, తరువాత అన్నాను.

“ఇచ్చిన అవ్వా.”

ఆమె నా ముఖంలోకి చూసింది.

“మొన్న గూడ గిట్లనే అంటివి,” అంది.